పాస్‌వర్డ్ చెప్పనన్న అమ్మాయి

"పాస్‌వర్డ్ ఏమిటండీ?" అని అడిగాడు ఇర్ఫాన్.

"చెప్పను," అంది ఎదురుగా నిలబడి ఉన్న అమ్మాయి.

గదిలో ఉన్న మూడో మనిషి కాంతారావు కుర్చీలోంచి ముందుకు వంగాడు. బయట పొద్దుటి నుంచీ వదలని వాన. రేకుల మీద చినుకుల చప్పుడుకి తను సరిగ్గా వినలేదేమోనని ఇర్ఫాన్ మళ్లీ అడిగాడు. ఆ అమ్మాయి మళ్లీ అదే చెప్పింది, ఈసారి ఇంకొంచెం స్పష్టంగా.

ఆమె పేరు నౌషీన్. బందరులో చిలకలపూడి వెళ్లే దారిలో కాంతారావుకున్న కలంకారీ కంపెనీలో డిజైన్లు వేస్తుంది. ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీసి, దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో ఏ రంగుకారంగు విడదీస్తుంది. వాటిని చూసి ఆమె తండ్రి ఖుద్దూస్ ఇంటి దగ్గరే టేకు చెక్క మీద అచ్చులు చెక్కి పంపుతాడు. ఆ అచ్చులతో షెడ్డులో పనివాళ్లు గుడ్డ మీద అద్దుతారు.

ఆ ఏడాది, అంటే రెండువేల ఏడులో, ఢిల్లీలో జరగబోయే ఎగ్జిబిషన్ కోసం నౌషీన్ కూచిపూడి నర్తకి జడను డిజైన్‌గా మలిచింది. చీర పొడవునా సాగే జడ, దాని వెంట పూలు, చివర కుచ్చులు. దేన్నీ మెచ్చుకోని కాంతారావు కూడా బాగుందన్నాడు. అచ్చులు ఇంకా సగం చెక్కుతుండగానే అదే జడ, అవే పూలు, ఏదో మిల్లులో అచ్చయిన చవక చీరల మీద విజయవాడ షాపుల్లో వేలాడాయి. కాంతారావు ఒక చీర కొనుక్కొచ్చి షెడ్డులో అందరి ముందూ పరిచాడు. ఆ బొమ్మలన్నీ కలిపి ఉన్నది నౌషీన్ కూర్చునే కంప్యూటర్లోనే.

కంప్యూటర్లో ఏం జరిగిందో తవ్వి తీసే సంస్థ విజయవాడలో ఒకటుందని ఎవరో చెబితే, కాంతారావు వాళ్లకి కబురు పెట్టాడు. వాళ్లు పంపిన మనిషి ఇర్ఫాన్. గుడివాడ కుర్రాడు. ఒకచోట కుదురుగా కూర్చోలేడు. ఆలోచిస్తున్నప్పుడు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి పక్కవాళ్ల ప్రాణం తీస్తాడు.

పనిలో మాత్రం నిదానస్తుడు. అసలు కంప్యూటర్ని కదపకుండా దాని హార్డ్ డిస్క్‌కి నకలు తీసుకున్నాడు. ఆ నకలుని తన లాప్‌టాప్‌లో తెరిచాడు. అందులో సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఉంది. వైరస్ దొరికినా, ఎవరైనా సెట్టింగ్ మార్చినా, పెన్‌డ్రైవ్ పెట్టినా అది తనలో రాసి పెట్టుకుంటుంది. దాన్నే లాగ్ అంటారు. ఆ లాగ్ చూడాలన్నా, సెట్టింగ్స్‌లోకి వెళ్లాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది పెట్టింది నౌషీన్.

"ఆఫీసు కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆఫీసుకి చెప్పడానికేమిటమ్మా?" అన్నాడు కాంతారావు.

"మీ ముందు చెప్పను సార్. ఆయనొక్కరికే అయితే చెప్తాను."

కాంతారావు మొహం మాడిపోయింది. ఇర్ఫాన్‌కి కూడా అనుమానం వచ్చింది. దాచడానికేమీ లేని మనిషి ఇలా మాట్లాడదు. పోనీ తనే టైప్ చేస్తానందామె. అది కుదరదని, విచారణ అయ్యేదాకా ఆమె చెయ్యి ఏ కీబోర్డ్ మీదా పడకూడదని చెప్పాడు. చివరికి ఒక చిట్టీ, పెన్నూ ఇచ్చాడు. ఆమె గోడ వైపు తిరిగి రాసి, చిన్న మడత పెట్టి అతని చేతిలో పెట్టింది.

విప్పి చూశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో జాగా లేకుండా ఉంది. కాంతారావుపిసినారి.

ఇర్ఫాన్‌కి పొలమారింది. దగ్గు ఆపుకుంటూ పైకి చూశాడు. ఆ ఉక్కలో కూడా ఫ్యాన్ తిరగడం లేదు. కిటికీ తెరిచి ఉంది.

"ఏం రాసింది?" అని అడిగాడు కాంతారావు.

"చాలా గట్టి పాస్‌వర్డ్ అండీ. బయటివాళ్లు ఊహించడం కష్టం," అని చిట్టీ జేబులో పెట్టుకున్నాడు.

నౌషీన్ అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి చూసింది. బతికించావు అన్నట్టుందా చూపు.

కాసేపటికి టీ వచ్చింది. వచ్చింది ఒకటే టీ. కాంతారావు దాన్ని రెండు గ్లాసుల్లోకి సమానంగా పోయించి ఒకటి ఇర్ఫాన్‌కి, ఇంకొకటి నౌషీన్‌కి ఇప్పించి, షెడ్డులో పని చూడటానికి వెళ్లాడు.

"ఉన్నమాటే రాశారు," అన్నాడు ఇర్ఫాన్, గ్లాసు అడుగున ఉన్న టీని చూపిస్తూ.

"నవ్వకండి. షెడ్డు వైపున్న కిటికీ అద్దంలోంచి ఆయనకి కనపడుతుంది," అంది నౌషీన్. అని, దుపట్టా సర్దుకునే నెపంతో తలొంచి తనే నవ్వింది.

ఆ నవ్వుతో ఇర్ఫాన్‌కి కష్టాలు మొదలయ్యాయి.

నౌషీన్ పని గురించి అడక్కుండానే చెప్పింది. వచ్చిపోయే వాళ్లందరూ పెన్‌డ్రైవ్‌లు పెట్టి వైరస్‌లు ఎక్కిస్తున్నారని కొన్నాళ్ల కిందట తనే ఒక ఏర్పాటు చేసిందట. పాస్‌వర్డ్ కొట్టందే ఆ కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌ని లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ తనకి తప్ప ఇంకెవరికీ తెలియదని కొంచెం గర్వంగానే అంది. కాంతారావు అప్పుడే తిరిగొచ్చి ఆ మాట విన్నాడు.

ఇర్ఫాన్ లాగ్ తెరిచాడు. వరసలు వరసలుగా కిందికి జరిగాయి. చూస్తున్నకొద్దీ అతని చేతిలో పెన్ను మూత ఆగిపోయింది. గత రెండు నెలల్లో చాలాసార్లు ఎవరో ఒకే పెన్‌డ్రైవ్ పెట్టారు. పెట్టిన ప్రతిసారీ సరైన పాస్‌వర్డ్ కొట్టారు. జడ డిజైన్ల ఫైళ్లు అందులోకి వెళ్లాయి. లాప్‌టాప్ మూసేద్దామనుకున్నాడు గాని, భుజం వెనక కాంతారావు నిలబడి ఉన్నాడు. అతను అంతా చదివాడు.

"పెన్‌డ్రైవ్ నువ్వు పెట్టావా?" అని అడిగాడామెను.

"లేదు సార్. నాకసలు పెన్‌డ్రైవే లేదు."

"పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

రెండో జవాబు ఇచ్చాక ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో నౌషీన్‌కి అర్థమైంది. నిజం తేలేదాకా పనికి రావద్దన్నాడు కాంతారావు. ఖుద్దూస్‌కి ఇచ్చిన అచ్చుల పని కూడా ఆపమని కబురు పంపిస్తానన్నాడు. తండ్రి పేరు వచ్చేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుమ్మం దగ్గర గొడుగు తీసుకుంటూ ఇర్ఫాన్ వైపు తిరిగింది. అంతవరకూ తెలుగులో మాట్లాడిన మనిషి ఇంట్లో మాట్లాడే ఉర్దూలోకి దిగింది. ఆయన ముందు నవ్వులపాలవుతానని భయపడి మీకొక్కరికే ఇచ్చాను, మీరు దాంతో నా మెడకే ఉచ్చు వేశారు అంది. గొడుగు విప్పకుండానే వానలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గుడివాడ పాసింజర్లో ఇర్ఫాన్‌కి కిటికీ పక్క సీటు దొరికింది. పెడన దాటేలోపే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఎదురు సీట్లో పెద్దాయన, ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారా బాబూ అని అడిగాడు.

ఇంట్లో తల్లి అన్నం పెట్టి, కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడని కసిరింది. అతను ఏం చెప్పాలి? ఒక అమ్మాయి నవ్వింది, తర్వాత ఏడ్చింది, రెండింటికీ తనే కారణం. ఆమె దొంగ అయితే ఆ నవ్వు నటన. కాకపోతే తను పెద్ద తప్పు చేస్తున్నాడు. ఏది నిజమో తెలియకుండా ఆ మొహాన్ని మనసులోంచి తీసెయ్యడం అతని వల్ల కాలేదు.

మర్నాడు కాంతారావు ఆఫీసులో కూర్చుంటుండగా తట్టింది. నిన్న లాగ్ చూశాడు గాని సెట్టింగ్స్ చూడలేదు. కాంతారావు భుజం వెనక నిలబడేసరికి పని సగంలో ఆగిపోయింది.

సెట్టింగ్స్‌లో ఒకచోట, ఏ ఫోల్డర్ జోలికి వెళ్లకూడదో ఆ సాఫ్ట్‌వేర్‌కి చెప్పే జాబితా ఉంటుంది. అందులో ఒకే ఒక్క ఫోల్డర్ ఉంది. పేరు చూస్తే ప్రింటర్‌కి సంబంధించినదిలా ఉంది. తెరిచి చూస్తే ప్రింటర్ లేదు, ఏమీ లేదు. ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. కీబోర్డ్ మీద ఎవరు ఏ అక్షరం నొక్కినా చాటుగా రాసుకునే ప్రోగ్రామ్.

ఇర్ఫాన్ కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచాడు.

లాగ్‌లో వెనక్కి వెళ్లాడు. ఆ ఫోల్డర్‌ని జాబితాలో చేర్చినది మార్చి నెలలో. నౌషీన్ పాస్‌వర్డ్ పెట్టింది ఆ తర్వాతి వారం. అంటే ఎవరో పాస్‌వర్డ్ లేని రోజుల్లోనే ఆ దొంగ ప్రోగ్రామ్‌ని లోపల కూర్చోబెట్టి, దాని జోలికి పోవద్దని సాఫ్ట్‌వేర్‌కి చెప్పి వెళ్లారు. తర్వాత నౌషీన్ పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు ప్రతి అక్షరం వాళ్ల చేతికి చిక్కింది. పాస్‌వర్డ్ తనదే అయిన మనిషికి దాన్ని దొంగిలించే అవసరమేముంది?

అయినా ఆ రోజు ఆమె ఎక్కడుందో తెలియాలి. హాజరు చూస్తే సెలవు. కారణం జ్వరం.

మధ్యాహ్నం ఇనుగుదురుపేట వెళ్లి ఇల్లు కనుక్కున్నాడు. అరుగు మీద ఖుద్దూస్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఉలులు గుడ్డలో చుట్టి ఉన్నాయి. పని లేని ఆ చేతులు ఊరికే ఉండలేక పంచె అంచుని మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. ఇర్ఫాన్ సలాం చెప్పి తనెవరో చెప్పాడు. నౌషీన్ తలుపు దగ్గరికొచ్చింది. లోపలికి రమ్మనలేదు.

మార్చిలో ఫలానా రోజు మీరు సెలవులో ఉన్నారు, జ్వరమని రాసి ఉంది, నిజమేనా అని అడిగాడు.

"జ్వరమే," అంది నౌషీన్.

"ఆ రోజు పనికి వెళ్లావు కదమ్మా. నేనే బాక్స్ కట్టిచ్చాను," అన్నాడు ఖుద్దూస్.

నౌషీన్ ఇర్ఫాన్‌ని చూసిన చూపుకి అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"కంప్యూటర్ చాలలేదా మీకు? మా ఇంట్లో కూడా తవ్వాలా?" అంది.

"తవ్వితేనే మీరు బయటపడతారు. ఆ రోజు మీరు ఆఫీసులో లేరని నాకు రుజువు కావాలి. దయచేసి చెప్పండి."

అతని గొంతులో ఏం వినపడిందో గాని, ఆమె గుమ్మానికి ఆనుకుని మెల్లగా చెప్పింది. కూచిపూడి వెళ్లింది. జడని బొమ్మల్లో చూసి గీస్తే ప్రాణం రావడం లేదని, నిజంగా ఆడుతుంటే అది వీపు మీద ఎలా కదులుతుందో చూడాలని. కాంతారావు సెలవివ్వడు కాబట్టి ఆయనకి జ్వరమని చెప్పింది. ఒంటరిగా పంపడు కాబట్టి తండ్రికి డ్యూటీ అని చెప్పింది. పామర్రులో బస్సు మారి వెళ్లి, ఝాన్సీలక్ష్మి అనే నాట్యం టీచర్ గారింట్లో సాయంత్రం దాకా గీస్తూ కూర్చుంది.

చెప్పి, తండ్రి వైపు చూడలేక కిందికి చూసింది.

ఖుద్దూస్ చాలాసేపు పంచె అంచుతోనే ఉన్నాడు. తర్వాత, "అందుకేనా ఆ జడ అంత బాగా వచ్చింది. చెక్కుతుంటే నా ఉలి దానంతటదే వంపు తిరిగేది," అన్నాడు.

నౌషీన్ మొహం కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇర్ఫాన్ ఆ టీచర్ గారికి ఫోన్ చేశాడు. ఆవిడకి బాగా గుర్తుంది. ఆ రోజు తన శిష్యురాలి గజ్జెపూజట. బందరు నుంచొచ్చిన అమ్మాయి పూజలో తీసిన ఫొటోల్లో కూడా ఉందని, కావాలంటే పంపిస్తానని చెప్పింది.

ఫోన్ పెట్టేశాక అతను విజయవాడలో తన బాస్ గోవర్ధనరావుకి చేశాడు. ఈ కేసు ఇంకొకరు కూడా చూడాలన్నాడు.

"ఎందుకయ్యా?"

"ఆ అమ్మాయి తప్పు చేయలేదనిపిస్తోంది సార్."

"ఆధారం దొరికిందా?"

"దొరికింది."

"మరింకేం ఇబ్బంది?"

ఇర్ఫాన్ పెన్ను మూత తీసి పెట్టాడు. "ఆధారం దొరక్కముందు నుంచే అనిపిస్తోంది సార్."

గోవర్ధనరావు, పొద్దున్నే బస్సుకి వస్తున్నానని, బందరులో మంచి టిఫిన్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఉంచమని చెప్పాడు.

ఆయన వచ్చి, ఇర్ఫాన్ చేసినదేదీ ముట్టుకోకుండా హార్డ్ డిస్క్‌కి మళ్లీ తనే నకలు తీసుకున్నాడు. లాగ్ చూశాడు, సెట్టింగ్స్ చూశాడు, ఆ దొంగ ఫోల్డర్ చూశాడు. ఇర్ఫాన్‌ని షెడ్డులోకి తోలేశాడు. అక్కడ కాగుతున్న రంగుల మధ్య, ఆరబెట్టిన గుడ్డల మధ్య ఇర్ఫాన్ అటూ ఇటూ తిరిగాడు. కరక్కాయ నీళ్ల వాసన, తడి చెక్క వాసన. ఒక మూల బల్ల మీద, పని ఆపించి ఖుద్దూస్ ఇంటి నుంచి తెప్పించేసిన సగం చెక్కిన అచ్చు కనపడింది. జడ మొదలు ఉంది, చివర లేదు. దాని మీద చెయ్యి పెట్టి ఎంతసేపు నిలబడ్డాడో, లోపలికి పిలుపొచ్చింది.

గోవర్ధనరావు మామూలుగా అడుగుతున్నట్టే కాంతారావుని అడిగాడు. మార్చిలో ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజు కంప్యూటర్ దగ్గర ఎవరు కూర్చున్నారని.

"మా బావమరిది సుందరరాజు. ఆ పిల్ల రాలేదని ఢిల్లీకి మెయిళ్లన్నీ తనే పంపాడు. రోజంతా..." అని కాంతారావు ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది.

ప్రతి పెన్‌డ్రైవ్‌కీ దాని సొంత నంబరొకటి ఉంటుందని, లాగ్‌లో ఆ నంబరు కూడా పడిందని గోవర్ధనరావు చెప్పాడు. ఆ పెన్‌డ్రైవ్ దొరికితే ఇంక అనుమానానికి తావుండదన్నాడు.

సుందరరాజు అమ్మకాల పని చూస్తాడు. భోజనానికి ముందు రోజూ ఒకసారి ఆఫీసుకొస్తాడు. ఆ రోజూ వచ్చాడు. అలవాటు ప్రకారం మోటార్‌సైకిల్ తాళాలు బల్ల మీద పడేశాడు. తాళాల గుత్తికి చిన్న నీలం పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. ముగ్గురి కళ్లూ దాని మీదే ఉన్నాయని అతనికి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"ఆ తాళాలు ఇలా ఇవ్వు," అన్నాడు కాంతారావు.

నంబరు సరిపోయింది. సుందరరాజు ఎక్కువసేపు బుకాయించలేదు. ఎన్నాళ్లు బావ కింద బతకాలి, మిల్లువాళ్లు తనకి సొంత ఏజెన్సీ ఇస్తామన్నారు, అందుకే చేశానన్నాడు. ఆ పిల్ల మీదకి వస్తుందనుకోలేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

అతను వెళ్లాక కాంతారావు తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంటి మనిషి పేరు రిపోర్టులో రాస్తే తన భార్యకి ఏం చెప్పాలన్నాడు. ఎవరు చేశారో తేలలేదని రాయండి, ఆ పిల్లని మళ్లీ పనిలోకి తీసుకుంటాను, అందరికీ మర్యాదగా ఉంటుంది అని బతిమాలాడు. గోవర్ధనరావు ఇర్ఫాన్ వైపు చూశాడు.

"సుందరరాజు గారి పేరు తీసేస్తే ఆ రిపోర్టులో మిగిలేది నౌషీన్ గారి పాస్‌వర్డ్ ఒక్కటేనండీ," అన్నాడు ఇర్ఫాన్. "చదివినవాళ్లు ఎవరనుకుంటారు? బందరు చిన్న ఊరు. ఆవిడ ఇంకెక్కడికి వెళ్లి పని చేసుకుంటుంది? అలా రాయమంటే నేను సంతకం పెట్టను."

"నేనూ పెట్టను," అన్నాడు గోవర్ధనరావు.

సాయంత్రానికి ఇద్దరూ సంతకాలు పెట్టి ఇచ్చిన రిపోర్టు కాంతారావు చదవడం మొదలుపెట్టాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు. పెదాలు కదిపి అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"ఇది... ఆ పిల్ల పెట్టిన పాస్‌వర్డేనా?"

"అవునండీ," అన్నాడు ఇర్ఫాన్.

కాంతారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత లేచి ఫ్యాన్ వేశాడు. ఆ పూట ముగ్గురికీ మూడు టీలు వచ్చాయి.

మర్నాడు ఖుద్దూస్‌ని పిలిపించి, షెడ్డులో పనివాళ్లందరినీ నిలబెట్టి, ఆ పిల్ల తప్పేమీ లేదని, తప్పు తన ఇంట్లోనే జరిగిందని కాంతారావు చెప్పాడు. చెప్పడం అతనికి కష్టంగానే ఉంది. కానీ పేరుతో సహా చెప్పాడు. ఖుద్దూస్ తల ఊపి, సగంలో ఆగిన అచ్చు తీసుకుని ఇంటికి వెళ్లాడు.

నౌషీన్ అక్కడ లేదు. ఆ సాయంత్రం ఇర్ఫాన్ ఇనుగుదురుపేట వెళితే ఇంట్లో కూడా లేదు. తల్లి పోయాక తనని పెంచిన పిన్ని రహమత్ బీ దగ్గరికి, నాగాయలంక వెళ్లిపోయిందట.

"ఆవిడకి విషయం చెప్పాలండీ," అన్నాడు ఇర్ఫాన్.

"ఫోన్ చేసి చెప్పాను," అన్నాడు ఖుద్దూస్, ఉలి నూరుతూ.

ఇర్ఫాన్ అలాగే నిలబడ్డాడు. వెళ్లడానికి కారణం దొరకలేదు, ఉండటానికీ దొరకలేదు. బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మార్చుకున్నాడు. జేబులో పెన్ను మూత టక్కుటక్కుమంటోంది. ఖుద్దూస్ చెక్క మీద ఒక వంపు పూర్తి చేసి, పొట్టు ఊదేసి, తలెత్తకుండానే అన్నాడు.

"నాగాయలంకకి పొద్దున్నే బస్సుంది. చల్లపల్లి మీదుగా పోతుంది."

బస్సు ఘంటసాల దాటేసరికి వాన అందుకుంది. మోపిదేవిలో గుడికొచ్చిన వాళ్లు తడిసి ముద్దయి ఎక్కి, కొబ్బరిచెక్కలు పట్టుకుని అతని మీద పడ్డారు. అవనిగడ్డలో సగం బస్సు ఖాళీ అయింది. అక్కణ్నుంచి రెండువైపులా నీళ్లే. వరిచేలల్లో నీళ్లు, రొయ్యల చెరువుల్లో నీళ్లు, పైనుంచి నీళ్లు. ఇర్ఫాన్ దారి పొడవునా చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాడు. దిగేసరికి ఏదీ మిగల్లేదు.

రహమత్ బీ ఇల్లు కృష్ణ ఒడ్డుకి దగ్గర్లోనే ఉంది. నౌషీన్ వసారాలో పీట వేసుకుని, ఒళ్లో కాగితాల అట్ట పెట్టుకుని, రేవులో తడుస్తున్న పడవలని గీస్తోంది. అతన్ని చూసి పెన్సిల్ ఆపింది.

"ఇంకా ఏమైనా తవ్వాలా?" అంది.

"లేదు. కేసు అయిపోయింది."

"మా అబ్బా ఫోన్లో చెప్పారు. సార్ అందరి ముందూ చెప్పారటగా." కాసేపు ఆగి, "పాస్‌వర్డ్ కూడా చదివారా?" అని అడిగింది.

"రెండుసార్లు చదివారు."

ఆమె నవ్వలేదు. నవ్వు వచ్చి పెదాల దగ్గర ఆగినట్టుంది. వసారా చూరు నుంచి కారుతున్న నీళ్లు అతని భుజం మీద పడుతున్నాయి. పక్కకి జరగాలని అతనికి తోచలేదు. జరగమని ఆమె చెప్పలేదు.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి," అంది. "అంతా వెతికాక, నేనే చేశానని తేలి ఉంటే ఏం చేసేవారు?"

దారంతా ఏ మాట తనని భయపెట్టిందో అదే అడిగింది. ఆమె వినాలనుకునే జవాబేదో అతనికి తెలుసు. అది చెప్పడం చాలా తేలిక.

"మీరే చేశారని రాసేవాణ్ణి."

పెన్సిల్ ఆమె వేళ్ల మధ్య బిగిసింది. నది వైపు తిరిగింది.

"రాసి," అన్నాడు ఇర్ఫాన్, "ఎందుకు చేశావని అడగడానికి ఇదే బస్సెక్కి ఇక్కడికే వచ్చేవాణ్ణి. ఏం చెప్పినా కూర్చుని వినేవాణ్ణి. నేనెక్కడా కుదురుగా కూర్చోలేను నౌషీన్. నాలుగు రోజుల నుంచి మరీ. నిన్ను చూశాక ఇప్పుడే కాళ్లు ఆగాయి."

గారు పోయిందని, మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆమె చాలాసేపు నది వైపే చూసింది. మొహం కనపడటం లేదు. చెవి దగ్గర ఎర్రబడటం మాత్రం కనపడింది.

"తడుస్తున్నావు. ఇటు రా," అంది చివరికి.

అతను చూరు కిందికి జరిగాడు. అట్ట మీద ఆమె గీసిన పడవలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో తెడ్డు లేదు. ఏదో చిన్న వస్తువు పట్టుకుని ఉన్నాడు. పెన్ను మూతలా ఉంది. అది చూసి ఇర్ఫాన్ తలెత్తేలోపు ఆమె చటుక్కున అట్ట తిరగేసింది.

లోపలి నుంచి రహమత్ బీ చేపలు కడుగుతున్న చేతులతోనే బయటికొచ్చింది. తడిసిన అబ్బాయిని చూసింది, ఎర్రబడ్డ అమ్మాయిని చూసింది. ఎవరితనని అడిగింది.

"అబ్బాతో మాట్లాడటానికి వచ్చారు ఖాలా," అంది నౌషీన్, తలొంచుకుని.

ఆ మాటలో పెళ్లి ఊసు ఉందని ఇర్ఫాన్‌కి అర్థమైంది. రహమత్ బీకి మాత్రం అది పొసగలేదు.

"మీ అబ్బా ఉన్నది బందర్లో. ఆయనతో మాట్లాడాలనుకున్నవాడు నాగాయలంక రావడమేమిటి? దారి తప్పాడా?"

"లేదండీ," అన్నాడు ఇర్ఫాన్. "బస్సు ఆయనే చెప్పారు."

నౌషీన్ గిరుక్కున తిరిగి అతని మొహంలోకి చూసింది. అబద్ధమాడుతున్నాడేమోనని వెతికింది. దొరకలేదు. కళ్లలో నీళ్లు నిండాయి. ఈసారి దాచుకోవడానికి లోపలికి వెళ్లలేదు.

రహమత్ బీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ముళ్లున్న చేప తింటావా బాబూ అని అడిగింది. తింటానన్నాడు. అయితే కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మని, కూరలో ఇంకో రెండు ముక్కలు వెయ్యడానికి వెళ్లిపోయింది.